సేలంలో మారిన పేరు

రాజకీయోద్యమాలు పేరు మార్చుకోవటం మనకు కొత్త సంగతి కాదు. ఓడిపోయినప్పుడు మార్చుకుంటాయి, చీలిపోయినప్పుడు మార్చుకుంటాయి, నాయకునికి సంఖ్యాశాస్త్రం మీద గురి కుదిరినప్పుడూ మార్చుకుంటాయి. వాటిలో చాలా భాగం నాలుగు రోజుల ముచ్చట. కానీ 1944 ఆగస్టు 27న సేలం పట్టణంలో జరిగిన పేరు మార్పు అటువంటిది కాదు. ఆనాడు జస్టిస్ పార్టీ ద్రావిడర్ కళగంగా మారింది. తరువాతి తమిళ రాజకీయమంతా ఆ పేరు నీడలోనే నడిచింది.

తెలుగువాడిగా నాకు ఆ సంఘటన మీద ఆసక్తి కలగటానికి వేరే కారణం ఉంది. ఆ పార్టీని పెట్టినవారిలోనూ, ఏలినవారిలోనూ తెలుగువారి పాలు చాలా పెద్దది. సేలంలో పెట్టుకున్న కొత్త పేరు తెలుగువారిని కూడా తనలో కలుపుకుంటానని చెప్పిన పేరు. చిత్రమేమంటే, సరిగ్గా ఆ పేరుతోనే తెలుగువారు ఆ కథలోంచి తప్పుకున్నారు. అసలు ఆ పేరు మార్చవలసి ఉండెనా? మార్చితే ఆ పేరే పెట్టుకోవలసి ఉండెనా? ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి నా సమాధానం ఔను. రెండవదాని దగ్గరే నాకు పేచీ.

ముందుగా ఆ పార్టీకి అప్పటికి ఎన్ని పేర్లున్నాయో చూద్దాం. 1916 నవంబరులో చెన్నపట్నంలోని వేపేరిలో ఒక ఇంట్లో ముప్ఫైమంది దాకా పెద్దలు సమావేశమై మొదలుపెట్టిన ప్రయత్నం అది. కాగితం మీద దాని పేరు సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్, అంటే దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య. తమిళంలో తెన్నిందియ నల ఉరిమై సంగం. ఈ రెండు పేర్లూ కాగితం దిగి వీధిలోకి వచ్చినట్టు కనబడదు. జనం నోట నిలిచినది జస్టిస్ పార్టీ. అది నిజానికి పార్టీ పేరు కాదు, పత్రిక పేరు. 1917 ఫిబ్రవరిలో ఆ సంఘం వారు మొదలుపెట్టిన ఇంగ్లీషు దినపత్రిక పేరు జస్టిస్. దాని సంపాదకుడు డాక్టర్ టి. ఎం. నాయర్ మలయాళీ, ఫ్రెంచి రాడికల్ నాయకుల అభిమాని. పారిస్‌లో క్లెమెన్సో నడిపిన లా జుస్తీస్ పత్రికను తలచుకుని ఆయన ఆ పేరు పెట్టాడంటారు. అంటే మద్రాసు రాజధానిలో పాతికేళ్ళు చెలామణీ అయిన పార్టీ పేరు ఫ్రాన్సు నుంచి ఇంగ్లీషు మీదుగా దిగుమతి అయినదన్న మాట!

ఆ సంఘం ఒక్క ఇంగ్లీషు పత్రికతో ఊరుకోలేదు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి నడిపింది. తమిళ పత్రిక పేరు ద్రావిడన్. తెలుగు పత్రిక పేరు ఆంధ్రప్రకాశిక. ఒకే సంఘం, ఒకే వాదం, మూడు భాషలలో మూడు పేర్లు. ఆంధ్రప్రకాశిక అంతకు ముందునుంచే ఉన్న పాత పత్రిక కాబట్టి ఆ పేరును వీరు కొత్తగా ఎంచుకున్నారని అనలేం. కానీ దాన్ని చేతిలోకి తీసుకున్న తరువాత కూడా ద్రావిడప్రకాశిక అని మార్చాలని ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే తెలుగు చందాదారులు అది అరవ పత్రిక అనుకునేవారు. 1944 నాటి చిక్కు 1917లోనే ఆ మూడు పత్రికల తలకట్టుల మీద రాసిపెట్టి ఉంది.

నాలుగో పేరు కూడా ఉంది. అందరికన్నా ఎక్కువమంది వాడినదీ, అందరినీ ఇబ్బంది పెట్టినదీ అదే: బ్రాహ్మణేతర పార్టీ. పిట్టి త్యాగరాయ చెట్టి పేరుతో 1916 డిసెంబరులో వెలువడిన ప్రకటన బ్రాహ్మణేతర ప్రకటన అనే పేరుతోనే చరిత్రకెక్కింది. రాజధాని జనాభా నాలుగు కోట్ల పదిహేను లక్షలలో నాలుగు కోట్లమందికి తక్కువ కాకుండా బ్రాహ్మణేతరులేనని అందులో లెక్క చెప్పారు. లెక్క బలంగానే ఉంది, బలహీనమైనది పేరు. నాలుగు కోట్లమంది పదిహేను లక్షలమందిని బట్టి తమను తాము చెప్పుకోవలసి వచ్చింది. మన వ్యాకరణంలో చెప్పాలంటే బ్రాహ్మణునికంటె ఇతరుడు బ్రాహ్మణేతరుడు, అంటే పంచమీ తత్పురుషం. విగ్రహవాక్యంలో ముందు కూర్చునేది బ్రాహ్మణుడే. ఎవరి పెత్తనం వద్దనుకుని బయలుదేరారో వారి పేరు పలకకుండా తమ పేరు తాము పలకలేని స్థితి.

ఈ చిక్కు ఆనాటివారికి తెలియకపోలేదు. 1909లోనే ఇద్దరు న్యాయవాదులు మద్రాసు బ్రాహ్మణేతర సంఘం అని ఒకటి పెట్టబోతే ఎవరూ పలకక అది పుట్టకుండానే పోయింది. 1912లో సి. నటేశ మొదలియారు, మరికొందరు ఉద్యోగులు పెట్టిన మద్రాస్ యునైటెడ్ లీగ్ కొద్దికాలానికే మద్రాస్ ద్రవిడియన్ అసోసియేషన్‌గా పేరు మార్చుకుంది. జిల్లాలనుంచి చదువుకోవటానికి పట్నం వచ్చే బ్రాహ్మణేతర విద్యార్థులకోసం నటేశ మొదలియారు నడిపిన వసతిగృహం కూడా ద్రావిడ గృహమే. కాబట్టి 1944 నాటికి ఆ మాట పార్టీకి కొత్తది కాదు. ఇంటి పెరట్లో మూడు దశాబ్దాలుగా ఉన్న మొక్కను సేలంలో ముంగిట్లోకి మార్చారు.

ఇంకా వెనక్కి వెళితే ఆ మాటను మొదట చేపట్టినవారు మొదలియార్లూ చెట్టియార్లూ కారని తెలుస్తుంది. 1891లో పండిత అయోతి దాసర్ ద్రావిడ మహాజన సభ స్థాపించాడు. ఊరి బయట బతికిన జనం తమను ఇతరులు పిలిచే పేర్లతో కాక తాము ఎంచుకున్న పేరుతో నిలబడాలన్నది ఆయన తపన. ఆ వరుసలో వచ్చినదే ఆదిద్రావిడ అన్న మాట. మన వైపు అటువంటి ఘట్టం 1917లో బెజవాడలో జరిగింది. పంచమ సభ అని పిలిచి జరిపిన సభకు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేము ఐదో వర్ణమన్న మాట ఏ శాస్త్రంలో ఉంది, మేము ఈ నేలకు మొదటివాళ్ళం అన్నది ఆయన వాదన సారం. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం. సి. రాజా తీర్మానం తెచ్చాక ప్రభుత్వం కూడా పాత పేర్లు మాని ఆదిద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయటానికి ఒప్పుకుంది. ఇక్కడ కూడా గమనించండి: ఒకే ప్రభుత్వం, ఒకే ఉత్తరువు, అరవ దేశానికి ద్రావిడ, తెలుగు దేశానికి ఆంధ్ర.

ఎందుకిలా? తెలుగులో ద్రావిడ అన్న మాటకున్న బతుకు వేరు గనుక.

భాషాశాస్త్రంలో ద్రావిడ భాషాకుటుంబమనే ఊహకు పునాది పడినది తెలుగు పుస్తకంలోనేనని మనలో చాలామందికి తెలుసు. 1816లో క్యాంబెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన పీఠికలోనే తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతజన్యాలు కావని, ఒక తల్లి బిడ్డలని సోదాహరణంగా నిరూపించాడు. నలభై ఏళ్ళ తరువాత, 1856లో, కాల్డ్వెల్ ఆ కుటుంబానికి ద్రవిడియన్ అని పేరు స్థిరపరచాడు. ఆయన ఆ మాటను తీసుకున్నది సంస్కృతంలోంచి, కుమారిల భట్టు వంటివారి వాడుక చూపించి. సంస్కృతం మీద ధ్వజమెత్తిన ఉద్యమం సంస్కృత పండితుల మాటనే జెండా మీద రాసుకుందని వెక్కిరించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు ఆ వెక్కిరింతలో పస కనబడదు. మాట ఎవరి నోట పుట్టిందన్నదానికంటె ఎవరి నోట పెరిగిందన్నది ముఖ్యం.

కాని తెలుగువారి నోట ఆ మాట ఎలా పెరిగింది? మన దగ్గర ద్రావిడులంటే ఒక బ్రాహ్మణ శాఖ. ఆరామ ద్రావిడులు, పేరూరు ద్రావిడులు అని వింటూనే ఉంటాం. ద్రావిడ అన్న ఇంటిపేరు ఉన్నవారు బ్రాహ్మణులు. పంచ ద్రావిడులంటే వింధ్యకు దక్షిణాదిన ఉన్న బ్రాహ్మణుల ఐదు తెగలు, అందులో ఆంధ్రులు ఒక తెగ, ద్రావిడులు వేరొక తెగ. తిరుమలలో ఆళ్వారుల పాశురాలకు ద్రావిడ వేదమని పేరు. చుట్టుతిరుగుడు పనికి ద్రావిడ ప్రాణాయామం అంటాం. ఇన్ని అర్థాలలో ఒక్కటి కూడా గుంటూరు జిల్లా రైతుకు నువ్వు ద్రావిడుడివి, నీకూ బ్రాహ్మణునికీ పడదు అని చెప్పేది కాదు. చెబితే అతను విస్తుపోయి, ద్రావిడుడంటే మా ఊరి పురోహితుడు గదండీ అనేవాడు.

సాహిత్యంలో ఆ ఊహ మనకు రాకపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో రాసిన శంబుకవధ నాటకానికి ఆర్య ద్రావిడ వైరమే నేపథ్యం. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని ఆయన పురాణాలను తిరగేసి చదివాడు. కానీ అది చదువుకున్నవారి వాదంగా, నాటకంగా, చర్చగా ఉండిపోయింది. అదొక పార్టీ పేరుగా, ఊరి జెండాగా మారలేదు.

ఇక జస్టిస్ పార్టీలో తెలుగువారి పాలు ఎంతో చెప్పి ముందుకు పోతాను. త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగుల కుటుంబీకుడు. 1920 ఎన్నికలలో గెలిచాక ముఖ్యమంత్రి పదవి తనకు వద్దన్నాడు. మొదటి మంత్రివర్గంలో ముగ్గురు: సుబ్బరాయలు రెడ్డియారు, పానగల్లు రాజా రామరాయణింగారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ముగ్గురూ తెలుగు మూలాలున్నవారే కావటంతో పార్టీలోని తమిళులు గుర్రుగా ఉన్నారు. 1921 నుంచి 1926 దాకా పానగల్లు రాజా ఏలుబడి. ఉద్యోగాలలో కులాలవారీ వాటాల ఉత్తరువు, దేవాలయాల ఆస్తుల మీద ప్రభుత్వ పర్యవేక్షణ చట్టం, ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం ఆ కాలంలో వచ్చినవే. ఆ పాలనను లోపలినుంచి ఎదిరించినవాడూ తెలుగువాడే. మన కట్టమంచి రామలింగారెడ్డి పార్టీని వీడి 1923లో పానగల్లు మీద అవిశ్వాస తీర్మానం నడిపినవారిలో ముఖ్యుడు. అది వీగిపోయింది. కవిత్వ తత్త్వ విచారం రాసిన కలం శాసనమండలిలో ఏం చేసిందో రాసే ఓపిక మన సాహిత్య చరిత్రకారులకు అంతగా లేకపోయింది.

పదేళ్ళు గడిచేసరికి పార్టీ జమీందార్ల చావడిగా మారింది. 1932లో బొబ్బిలి రాజా ప్రధానమంత్రి అయ్యాడు. దివాన్ బహదూర్లు, రావు బహదూర్లు, సర్లు. ఊళ్ళో శిస్తు కట్టలేక చస్తున్న బ్రాహ్మణేతర రైతుకు తన తరఫున న్యాయమడిగే పార్టీ నాయకుడు తన జమీందారేనని తెలిస్తే ఏమనిపిస్తుంది? 1937 ఎన్నికలలో కాంగ్రెస్‌కు 215లో 159 స్థానాలు వచ్చాయి. బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే వి. వి. గిరి ఓడించాడు. జస్టిస్ అన్న పేరు ఆ దెబ్బతో నవ్వులపాలైంది. పేరులో న్యాయం, చేతిలో తెల్లదొర ఇచ్చిన బిరుదు.

కాబట్టి పేరు మార్చవలసిందే. ఇందులో నాకు సందేహం లేదు. కాని ఊరికే పేరు మార్చి, మనుషులనూ బిరుదులనూ అలాగే ఉంచితే అది పాత గోడకు కొత్త సున్నం. సేలంలో అలా జరగలేదు. అక్కడే ఆ ఘట్టం గొప్పతనముంది.

1938లో రాజాజీ ప్రభుత్వం బడులలో హిందీ పెట్టినప్పుడు జరిగిన ఆందోళనలో ఇ. వి. రామస్వామి జైలుకు వెళ్ళారు. జైలులో ఉండగానే ఆ డిసెంబరులో ఆయనను జస్టిస్ పార్టీ అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. పెద్దవారి పార్టీ పగ్గాలు వీధిలో ఉద్యమం నడిపినవాని చేతికి వచ్చాయి. పేర్ల విషయంలో ఆయనది మొదటినుంచీ పట్టుదల. 1925లో మొదలైన ఆత్మగౌరవోద్యమం 1929 చెంగల్పట్టు సభలో కులం తోకలు తీసేయాలని తీర్మానించింది. నాయకర్ అన్న మాటను తన పేరునుంచి తానే తీసేశాడు. ఆయన ఇంటి భాష కన్నడమన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

సేలం సభలో తీర్మానం ప్రవేశపెట్టినది అణ్ణాదురై. ఆయన పేరుతోనే అవి అణ్ణాదురై తీర్మానాలు అయ్యాయి. వాటిలో పేరు మార్పు ఒక భాగం మాత్రమే. ప్రభుత్వమిచ్చిన బిరుదులు వదులుకోవాలి. గౌరవ మేజిస్ట్రేటు వంటి నియామక పదవులకు రాజీనామా ఇవ్వాలి. పేరు చివర కులం తీసేయాలి. ఇవన్నీ చేసినవారే కళగంలో ఉంటారు. అంటే కొత్త పేరుకు వెల కట్టారు. రావు బహదూరును ఇంటి గుమ్మం దగ్గర విడిచి వస్తేనే లోపల చోటు. ఆ వెల చెల్లించలేనివారు వెళ్ళిపోయారు. వారు వెళ్ళిపోవటమే పార్టీకి కావలసినది. నా ఉద్దేశంలో సేలంలో నిజంగా పార్టీని మార్చినది ఈ షరతు. పేరు ఆ షరతుకు రసీదు మాత్రమే.

వెళ్ళిపోయినవారు ఏం చేశారు? పాత పేరు పట్టుకున్నారు. అసలైన జస్టిస్ పార్టీ మాదేనన్నారు. వారికి మొదట నాయకుడు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వాడైన బెజవాడ రామచంద్రారెడ్డి. 1930 నుంచి 1937 దాకా మద్రాసు శాసనమండలి అధ్యక్షుడుగా పనిచేసినవాడు. ఆయన తరువాత పి. టి. రాజన్. 1952 ఎన్నికలలో ఆ పార్టీ తొమ్మిది స్థానాలకు పోటీ చేస్తే రాజన్ ఒక్కడే గెలిచాడు. రామచంద్రారెడ్డి అదే సంవత్సరం నెల్లూరునుంచి లోక్‌సభకు గెలిచాడు, కానీ స్వతంత్రునిగా. పాత పేరుకు వారసుడినన్న మనిషే ఆ పేరు మీద ఓటు అడగలేదన్నది చూస్తే ఆ పేరు విలువ ఎంతకు దిగిందో తెలుస్తుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. కొత్త పేరు ద్రావిడర్ అనే ఎందుకు కావాలి? సేలంలోనే ఈ వాదం జరిగింది. కి. ఆ. పె. విశ్వనాథం వంటివారు తమిళర్ కళగం అని పెట్టుకుందామన్నారు. పెరియార్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది: తమిళర్ అంటే తమిళం మాట్లాడే బ్రాహ్మణుడూ నేనూ తమిళుడినే అంటాడు, ద్రావిడర్ అంటే అనలేడు. ఒక్క మాటతో బ్రాహ్మణేతర అన్న అభావం పోయి, అదే అర్థంగల భావం వచ్చింది. విగ్రహవాక్యంలో బ్రాహ్మణుడు లేడు, కానీ గుమ్మం బయట ఉన్నాడు. రాజకీయపు ఎత్తుగా ఇది బహు చక్కనిది. దానికితోడు, 1939 నుంచి ఆయన అడుగుతున్న ద్రావిడనాడుకు, అంటే ఇంచుమించు మద్రాసు రాజధానికి, ఆ పేరు సరిపోయింది. తెలుగు, కన్నడ, మలయాళ జిల్లాలు అందులో ఉన్నాయి.

సరే, ఆ జిల్లాలవారిని ఎవరైనా అడిగారా? 1944 నాటికి తెలుగు బ్రాహ్మణేతరునికి వేరే పేర్లు దొరికాయి. ఒకటి ఆంధ్రుడు. 1913 బాపట్ల సభ నుంచి ఆంధ్ర రాష్ట్రం అడుగుతున్న ఉద్యమంలో బ్రాహ్మణులూ ఉన్నారు, బ్రాహ్మణేతరులూ ఉన్నారు. వారి ఎదుటిపక్షం అరవవాడు. రెండవది రైతు. ఎన్. జి. రంగా నడిపిన రైతు ఉద్యమం, ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా 1937–38లో నడిచిన రైతు రక్షణ యాత్ర, ఆపైన కమ్యూనిస్టులు. కోస్తా జిల్లాల కమ్మ, రెడ్డి, వెలమ, కాపు రైతుకు జమీందారు మీద కోపం చెప్పుకోవటానికి రైతు అన్న మాట చాలింది. అందులో బ్రాహ్మణుడి ప్రసక్తే అక్కరలేదు. జమీందారు కూడా బ్రాహ్మణేతరుడే కాబట్టి బ్రాహ్మణేతర అన్న మాట అతనికి అడ్డం కూడాను. ఒకవైపు ఆంధ్ర, ఒకవైపు రైతు. మధ్యలో ద్రావిడకు చోటెక్కడ? పైగా ఆ మాటకు అర్థం మన వైపు అరవ, కాకపోతే పురోహితుడు.

అందుచేత సేలంలో ఎంచుకున్న పేరు తలుపు నాలుగు దిక్కులా తెరిచినట్టు కనిపించి తెలుగు దిక్కున మూసింది. తమిళర్ అని పెట్టుకుని ఉంటే కనీసం నిజం చెప్పినట్టు ఉండేది, తెలుగు బ్రాహ్మణేతరులు తమ పార్టీని తాము వేరే పేరుతో నిలుపుకోవలసిన అవసరాన్ని గుర్తించేవారు. ద్రావిడర్ అనటంతో మన తరఫున కూడా ఎవరో ఉన్నారనే భ్రమ మిగిలింది, మనిషి మిగలలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషారాష్ట్రాలు వచ్చాక పెరియార్ మళ్ళీ తమిళనాడు తమిళులకే అన్న పాత నినాదానికి వచ్చారు. పేరు మాత్రం ద్రావిడర్ కళగమే. విషయం వెళ్ళిపోయినా పేరు మిగలటం ఇది మొదటిసారి.

రెండోసారి 1963లో. దానికి ముందు ఒక అక్షరం కథ చెప్పాలి. 1949 సెప్టెంబరు 17న అణ్ణాదురై పెరియార్‌నుంచి విడిపోయి ద్రావిడ మున్నేట్ర కళగం పెట్టినప్పుడు ద్రావిడర్‌లోని చివరి రకారం తీసేశారు. ద్రావిడర్ అంటే ద్రావిడులు, మనుషులు. ద్రావిడ అంటే నేల. మనుషుల సంఘమైతే పుట్టుక చూడాలి, నేల సంఘమైతే అక్కడ ఉండేవాడెవడైనా రావచ్చు. బ్రాహ్మణునికి మూసిన తలుపు ఒక్క హల్లుతో తెరుచుకుంది. ఇంత పొదుపుగా ఒక సిద్ధాంతాన్ని మార్చిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. అన్నట్టు, కళగం అన్న మాటకు తిరుక్కురళ్‌లో జూదశాల అని అర్థం. జూదం మీద ఉన్న అధ్యాయంలో ఆ అర్థంలోనే వస్తుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ తలచుకోరు.

1962లో చైనా యుద్ధం వచ్చింది. మరుసటి ఏడు పదహారవ రాజ్యాంగ సవరణతో, విడిపోతామనేవారు చట్టసభలకు పోటీ చేసే వీలు లేకుండా పోయింది. అణ్ణాదురై ద్రావిడనాడు కోరికను విడిచిపెట్టాడు. నేల కోసం పెట్టుకున్న పేరులో నేల పోయింది. అప్పుడైనా పేరు మార్చారా అంటే లేదు. మార్చనక్కరలేదని నేనూ అంటాను, ఎందుకంటే అప్పటికి ద్రావిడ అన్నది పటం మీది గీత కాక ఒక తీరు రాజకీయానికి పేరైంది. నాలుగేళ్ళకు గెలిచి ఆయన పేరు మార్చినది పార్టీకి కాదు, రాష్ట్రానికి. 1956లో శంకరలింగనార్ నిరాహారదీక్షలో ప్రాణం విడిచినప్పుడు ఆయన కోరికలలో ఒకటైన తమిళనాడు అన్న పేరు 1969 జనవరిలో అమలుకు వచ్చింది. ద్రావిడ పార్టీ ద్రావిడనాడు అని పెట్టలేదు చూశారా! తమ పేరుకు అసలు అర్థమేమిటో ఆ నిర్ణయంతో వారే తేల్చి చెప్పారు.

తరువాతి మార్పులు క్లుప్తంగా. 1972లో ఎం. జి. ఆర్. పెట్టిన అణ్ణా ద్రావిడ మున్నేట్ర కళగం 1976లో, అత్యవసర పరిస్థితి రోజులలో, ప్రాంతీయ పార్టీలను నిషేధిస్తారేమోనన్న భయం మధ్య అఖిల భారత అన్న మాట ముందు తగిలించుకుంది. భయంతో పెట్టుకున్న మాట, ఎవరినీ పంపలేదు, ఎవరినీ పిలవలేదు. మన వైపు 2022లో తెలంగాణ రాష్ట్ర సమితి భారత రాష్ట్ర సమితిగా మారినప్పుడు దాన్ని 1944తో పోల్చినవారిని చూశాను. నాకు 1976తో పోలిక ఉందనిపిస్తుంది, భయం లేదన్న తేడాతో. ఆ మార్పుతోపాటు ఎవరూ ఏమీ వదులుకోలేదు. మరుసటి ఏడు ఓటమి పేరువల్లే వచ్చిందని అనను. కానీ ఉద్యమం చేసి తెచ్చుకున్న ఊరి పేరు తీసేసి ఆ చోట దేశం పేరు పెట్టేముందు, సేలంవారిలాగా, దానికి వెల ఏమిటని ఒకసారి అడుక్కుని ఉండవలసింది. 2024లో నటుడు విజయ్ పెట్టిన తమిళగ వెట్రి కళగం ద్రావిడ మాటనే పక్కన పెట్టింది. పేరు ప్రకటించిన కొద్దిరోజులకే తమిళ పండితులు సంధి తప్పిందంటే నడుమ ఒక కకారం చేర్చి దిద్దుకున్నారు. 1949లో ఒక హల్లు పోయింది, 2024లో ఒక హల్లు వచ్చింది.

ఇక తెలుగువారి సంగతి. మన పాఠ్యపుస్తకాలలో జస్టిస్ పార్టీ ఒక పేరా, అందులోనూ ఎక్కువభాగం దొరల తొత్తులన్న నింద. నిందలో నిజముంది, కానీ నిజం అంతే కాదు. దేవాలయాల చట్టం, విశ్వవిద్యాలయం, వాటాల ఉత్తరువు తెచ్చిన తెలుగు మంత్రుల చరిత్రను తమిళులు ద్రావిడోద్యమపు మొదటి అధ్యాయంగా తమ ఖాతాలో రాసుకున్నారు. రాసుకోవటం వారి హక్కు, పేరు నిలిపినది వారు. మనం ఆ పేరు కాదన్నాం, వేరే పేరు పెట్టుకోలేదు, చివరికి ఆ చరిత్ర మన పుస్తకాలలో దిక్కులేనిదైంది. చెన్నపట్నంలో త్యాగరాయ నగర్‌లో పట్టుచీరలు కొని పానగల్ పార్కు పక్కన ఆటో ఎక్కే తెలుగువారిలో ఎంతమందికి ఆ రెండు పేర్లూ మనవాళ్ళవేనని తెలుసు?

ఈ కథకు ఇటీవల ఒక కొత్త మలుపు వచ్చింది. సీమాన్ నడిపే నామ్ తమిళర్ కట్చి వారు చాలా ఏళ్ళుగా ఒక మాట గట్టిగా అంటున్నారు: ద్రావిడం అనేది తమిళేతరులు తమిళులను ఏలటానికి కప్పుకున్న ముసుగు అని. తమిళేతరులంటే వారి దృష్టిలో ముఖ్యంగా తమిళనాట తరతరాలుగా ఉంటున్న తెలుగు మూలాలవారు. 1944లో విశ్వనాథం తమిళర్ అన్న పేరు కోసం వాదించి ఓడిపోయాడు. ఇప్పుడు అదే పేరుతో పార్టీ ఉంది, అదే వాదం వీధికెక్కింది. తెలుగునాట మనం ద్రావిడ అంటే అరవ అని పక్కకు నెట్టిన మాట, తమిళనాట కొందరి నోట తెలుగువాడు అని అర్థం తెచ్చుకుంది. మధురలోనో కోయంబత్తూరులోనో ఇంట్లో తెలుగు మాట్లాడి వీధిలో తమిళం మాట్లాడే మనిషి, తన తాతలు ఎన్నడూ పెట్టుకోని ఆ పేరుకు ఇవాళ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తున్నది.